అమాస నాడు ఊడిన ఫలకం

రామసుబ్బయ్య అబద్ధమాడుతున్నాడని జాహిదాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. దొంగ మాత్రం కాడని రెండో నిమిషంలో తెలిసింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఇప్పుడు తేల్చాలి. దానికున్న గడువు మధ్యాహ్నం ఒకటిన్నర. పోర్టా క్యాబిన్ గోడ మీద గడియారం పదీ పది చూపిస్తోంది.

జాహిదా బేగం రూవిలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు తరఫున ఎంక్వైరీలు చేస్తుంది. కడప మనిషి, నలభై ఆరేళ్ళు. మస్కట్‌కు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఇంతవరకు ఆమె రిపోర్టును తిరగ్గొట్టిన మొనగాడు లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలిసినట్టు ముఖంలో కొంచెం కనపడుతుంది కూడా. పొద్దున పరోటా కీమా కడుపునిండా తిని బయల్దేరింది కాబట్టి ఆ పూట ఆమెకు లోకం మీద పెద్దగా ఫిర్యాదులేమీ లేవు.

కేసు చూడబోతే చిన్నదే. హార్బర్‌కు అవతల, మూడు వైపులా కొండ, ముందు సముద్రం ఉన్న చారెడు ఇసుక తీరం ఒకటుంది. రోడ్డు లేదు, పడవలోనే పోవాలి. నూట యాభై ఏళ్ళ కిందట జ్వరాలతో, వడదెబ్బలతో పోయిన ఇంగ్లీషు నావికుల సమాధులు అక్కడున్నాయి. అన్నిట్లోకీ పెద్దది కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హెన్షాది. విక్టోరియా రాణి కాలంలో, మనుషుల్ని బానిసలుగా అమ్ముకునే పడవలను వెంటపడి పట్టుకున్నవాడు. ముప్పై ఎనిమిదో ఏట ఇక్కడి ఎండకే పోయాడు. ఆయన కింద పనిచేసినవాళ్ళు ఓడ మీది చిన్న కంచు ఫిరంగిని కరిగించి, ఒక ఫలకం, ఒక లంగరు బొమ్మ పోత పోయించి, సమాధి రాయికి బిగించి పోయారు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ కెప్టెన్ మునిమనవరాలు లండన్ నుంచి వచ్చి, బాగుచేసిన స్మారకం మీద పూలు పెట్టాలి. ఇవాళ పొద్దున ఏడింటికి వెళ్ళి చూస్తే లంగరుంది, ఫలకం లేదు!

నిన్న, మంగళవారం, అక్కడ డ్యూటీ చేసింది రామసుబ్బయ్య ఒక్కడే. ఎర్రగుంట్ల పక్క రాతిపని మనిషి, ఒమాన్‌లో పదమూడేళ్ళుగా ఒక్క మచ్చ లేకుండా నెట్టుకొచ్చాడు. వచ్చే సోమవారం బహ్లాలో పాత కట్టడాల పనికి పెద్దమేస్త్రీగా పోవాల్సినవాడు. ఒకటిన్నరలోగా ఏదీ తేలకపోతే పోలీసు జీపెక్కాల్సినవాడు.

"నిన్న ఎన్నింటికి దిగినావన్నా అక్కడ?" జాహిదా అడిగింది.

"ఎనిమిదికమ్మా. బాబు మియా పడవలో. అయిదుకు మళ్ళా ఆయనే తెచ్చినాడు."

"దిగేటప్పుడు ఫలకం ఉన్నిందా?"

"ఉన్నింది. కండ్లారా చూసినా."

"ఎక్కేటప్పుడు?"

"చూడలేదమ్మా. ఉప్పుగాలికని పన్నెండుకే రాయి మీద పట్ట కప్పేసినా."

"పన్నెండు నుంచి అయిదు దాకా ఏం చేసినావు?"

"కూర్చున్యా," అన్నాడు రామసుబ్బయ్య, చూపు నేలకు దించి.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు బల్ల అవతల నుంచి సురేందర్ పెద్దగా నవ్వాడు. ఆయన ఆ సమాధిని బాగుచేస్తున్న కంపెనీకి సెక్యూరిటీ మేనేజర్, సిద్దిపేట మనిషి. మడత నలగని చొక్కా, మాటకు ముందు దగ్గు. పొద్దున ఎనిమిదిన్నరకే రిపోర్టు టైపు చేసి, స్టాంపు వేసి, ముందర పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక ఆడమనిషిని పంపించారని తెలిసినప్పట్నుంచి ఆయనకు కుర్చీలో ముళ్ళున్నట్టుంది.

"ఐదు గంటలు కూసున్నడట! సుల్తాన్ లెక్క!" సురేందర్ సైట్ రిజిస్టర్ తెరిచి చదివాడు. "సూడుండ్రి మేడమ్. మంగళవారం, రెండు నుంచి ఐదు, రామసుబ్బయ్య, ఫలకం సుట్టూ ఉలి పని, ఫినిషింగ్. కింద సైట్ ఇంజనీర్ తౌసీఫ్ సంతకం. ఉలి ఈయన చేతిల ఉన్నది, ఫలకం ఊడింది. ఇంకేం గావాలె?"

రామసుబ్బయ్య తలెత్తాడు. భయంలో కూడా కోపమొచ్చింది ఆయనకు.

"అది తప్పు రాత సార్. నిన్న నేను ఉలి ముట్టలేదు. నిన్న అమాస."

"అమాసయితే?"

"అమాస పొద్దు మేం ఉలి ముట్టం సార్. మా జేజినాయన ముట్టలేదు, మా నాయన ముట్టలేదు, నేనూ ముట్టను. కడిగి, పసుపు బొట్టు పెట్టి, మూటగట్టి పక్కన పెడతాం. అట్లని నాగా పెడితే కంపెనీ ఊరుకోదు గదా, అందుకే పోయి ఊడ్చినా, నీళ్ళు చల్లినా, పట్ట కప్పినా."

జాహిదాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. వాళ్ళ అబ్బాజాన్‌కు ఎర్రగుంట్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. అమాస వచ్చిందంటే చాలు, షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. లారీ వచ్చి నిలబడినా సరే, మేస్త్రీలు మాత్రం ఉలి ఎత్తేవాళ్ళు కారు. అబ్బాజాన్ ఇరవై ఏళ్ళు అరిచి, అరిచి, చివరికి తానూ ఆ రోజు షట్టరు దించి నిద్రపోవడం నేర్చుకున్నాడు. ఉలి పట్టే ఇంట పుట్టిన మనిషి అమాస నాడు మూడు గంటలు ఉలిపని చేశాడని రిజిస్టరులో రాసినవాడు ఎవడో, వాడు అక్కడ లేడు, ఆఫీసులో కూర్చుని అలవాటు చొప్పున రాసేశాడు. ఇది నిజమైతే రామసుబ్బయ్య అబద్ధం ఇంకోచోట ఉంది.

"ఒక్కపొద్దు ఉన్న్యావా అన్నా నిన్న?"

"ఉన్న్యానమ్మా. ఒక్కపూటే తిన్యా, పన్నెండున్నరకు."

"ఒక్కపూట అంటే సంగటి ముద్ద గట్టిగానే దిగుంటది. పైన కొండ నీడ. ఎదురుగా సముద్రం గాలి. నేనైతే పది నిమిషాల్లో గురక పెడతా. నువ్వు ఎంతసేపటికి పెట్టినావు?"

రామసుబ్బయ్య ముఖం ముడుచుకుపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రెండున్నరకు నడుం వాల్చినానమ్మా. లేచేతలికి నాలుగున్నర. పదమూడేండ్లలో డ్యూటీలో కన్ను మూసింది నిన్నొక్కపొద్దే. దొంగ అంటే కాదని దేవుని మీద ప్రమాణం చేస్తా. నిద్రపోయినాడు అంటే ఏమని చెప్పేది? పెద్దమేస్త్రీ పని ఎవురిస్తారు నిద్రపోయేవానికి?"

అదీ సంగతి. దొంగతనం కన్నా నిద్రకు సిగ్గుపడే మనిషి! జాహిదా ప్రాణం చివుక్కుమంది. నీళ్ళ సీసా ఆయన ముందుకు జరిపింది.

సురేందర్ ఊరుకుంటాడా? "సరే, నిద్రపోయిండే అనుకుందాం. మరి వచ్చినోడు ఎట్లొచ్చిండు? రోడ్డున్నదా? పడవ లాగ్‌బుక్కుల రెండే ట్రిప్పులు, పొద్దున ఎనిమిది, సాయంత్రం ఐదు. ఇంకో పడవ గా దిక్కు పోలేదని కోస్టు గార్డోళ్ళే చెప్పిండ్రు. గీయనే ఊడగొట్టి సముద్రంల పారేసిండు. గది ఇగ దొరకది. కేసు ఖతం."

"దొరకదని అంత గట్టిగా ఎట్లా చెప్తారు సురేందర్ గారూ?"

ఆయన దగ్గాడు. "ఎక్స్‌పీరియన్స్ మేడమ్. పదిహేనేండ్లు."

"మంచిది. నాది పద్దెనిమిది. పడవ తీయించండి, చూసొద్దాం," అని జాహిదా బ్యాగు భుజాన వేసుకుంది.

పదకొండూ ఇరవైకి పడవ ఇసుకను తాకింది. నడిపింది బాబు మియా. అరవై దాటిన మనిషి, రాజంపేటలో పుట్టి ముప్పై ఏళ్ళుగా ఈ నీళ్ళమీదే బతుకుతున్నాడు. జాహిదాను ఊరి వరసన బేటీ అంటాడు, ఆమె ఆయన్ని చాచా అంటుంది. సురేందర్ బూట్లు తడవకుండా గెంతబోయి మడమ దాకా దిగబడ్డాడు. బాబు మియా అటు తిరిగి నవ్వుకున్నాడు.

జాహిదా చెప్పులు సమాధుల గట్టు బయటే విడిచి, పట్ట తొలగించి, మోకాళ్ళ మీద కూర్చుంది. తెల్లరాయి శుభ్రంగా ఉంది. రామసుబ్బయ్య పనితనం చూస్తే ముచ్చటేసింది, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫలకం ఉన్నచోట నలుచదరపు మచ్చ, నాలుగు మూలలా నాలుగు స్క్రూ రంధ్రాలు. ఉలి దెబ్బ ఒక్కటి లేదు. రాయి పెచ్చు ఒక్కటి లేవలేదు.

"ఇది ఉలితో ఊడగొట్టింది కాదు. స్క్రూడ్రైవరు."

"ఏదో ఒకటి. పోయింది గదా?" అన్నాడు సురేందర్.

సమాధి మెట్టు మూలన, గాలికి ఎగరకుండా చిన్న రాయి బరువు పెట్టి, ఒక టీ కప్పు ఉంది. జాహిదా అందులోకి తొంగి చూసింది. నాలుగు స్క్రూలు, నాలుగు వాషర్లు.

"సురేందర్ గారూ, మీ పదిహేనేండ్లలో ఎప్పుడైనా దొంగ స్క్రూలు కప్పులో దాచిపెట్టి పోవడం చూసినారా?"

ఆయన కప్పులోకి వంగి చూశాడు.

"ఇది దొంగ పని కాదు. మళ్ళా తెచ్చి బిగించేవాడి పని." ఆమె ఒక రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తీసింది. వేలికి గ్రీజు అంటింది, ఇంకా మెత్తగానే ఉంది. నూట యాభై ఏళ్ళ రంధ్రంలో గ్రీజేమిటా అని ఒక్క క్షణం ఆగింది. అప్పుడే ఎండ లంగరు బొమ్మ మీద పడి, ఒక చోట తళుక్కుమంది. దాంతో ఆ గ్రీజు సంగతి బుర్రలోంచి జారిపోయింది. మనిషన్నాక ఒక్కోసారి అంతే.

లంగరంతా నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంది. కింది కొక్కెం దగ్గర మాత్రం రూపాయి బిళ్ళంత మేర ఎవరో కసిదీరా రుద్దారు. ఎర్రటి మెరుపు బయటపడింది. పక్కన సందులో ఏదో గోధుమరంగు పీచు ఇరుక్కుని ఉంది. జాహిదా దాన్ని గోటితో తీసి వాసన చూసింది. చాలక నాలుక కొసకు తాకించింది.

"అయ్యో! సమాధి నాకుతున్నరా మేడమ్?" సురేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

జాహిదా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. కొండ మీది పక్షులు ఎగిరిపోయాయి.

"చింతపండు! సురేందర్ గారూ, ఇది చింతపండు! ప్రపంచంలో ఏ దొంగైనా కంచును కోస్తాడు, కరిగిస్తాడు, అమ్ముకుంటాడు. చింతపండు పెట్టి తోమేది మాత్రం మనోళ్ళే. ఎవరో పాపం, పెద్దింటి చుట్టాలొస్తున్నారు, సామాను మకిలిగా ఉందే అని బాధపడినారు. ఇక్కడ రుద్ది చూసినారు. ఇది అయ్యే పని కాదని ఫలకాన్ని ఇంటికే మోసుకుపోయినారు!"

పాత కంచు మీద చిలుమును గోకడమంటే ఇలాంటి స్మారకాలను చూసుకునే కమిటీ దృష్టిలో మహాపాపం. వందేళ్ళ వయసును తోమి పారేసినట్టు లెక్క. అది తెలియనివాడు, తెలిసేసరికి భయపడ్డవాడు ఎవడో ఉన్నాడు. వాడు వచ్చిన దారి తేలాలి. జాహిదా పడవ వైపు తిరిగింది.

"చాచా, పడవ లేకుండా ఇక్కడికి రావచ్చా?"

బాబు మియా గడ్డం నిమురుకున్నాడు. "ఇప్పుడు రాలేవు బేటీ. పోటు మీదుంది సముద్రం. అమాసకీ పున్నానికీ మాత్రం ఆటు శానా లోపలికి పోతాది. మూడున్నర, నాలుగప్పుడు అదిగో, ఆ ముక్కు లాంటి బండ బయట పడతాది. అవతల తీరంలో కారు ఆపి, మోకాటి లోతు నీళ్ళలో నడిచి రావచ్చు. గంటలోపల ఎనిక్కి పోవాల."

"ఈ ముచ్చట నాకెప్పుడు చెప్పలే?" సురేందర్ గొంతు లేచింది.

"మీరు అడగలేదు సార్. అడిగినోళ్ళకు చెప్పినా."

"ఎవరడిగినారు చాచా?"

"తౌసీఫ్ ఇంజనీరు. పోయిన వారం. అమాస ఎప్పుడు, నీళ్ళు ఎన్నింటికి దిగుతాయి అని రెండు మాట్లు అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు."

నిన్న అమాస. ఆటు మూడున్నరకు. రామసుబ్బయ్య నిద్ర రెండున్నర నుంచి నాలుగున్నర దాకా. జాహిదా మనసులో మూడు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయి. ఆకలి కూడా వేసింది. అది ఆమెకు కేసు తేలిపోయిందనడానికి గుర్తు.

ఒంటిగంట కొట్టడానికి పది నిమిషాలుండగా తౌసీఫ్‌ను క్యాబిన్‌లో కూర్చోబెట్టింది. హైదరాబాద్ మనిషి, కుర్రవాడేం కాదు, ముప్పై రెండేళ్ళ ఇంజనీరు. చేరి ఆరు వారాలే అయింది. జాహిదా ఏమీ అడగలేదు. టీ కప్పును ఆయన ముందు బోర్లించింది. నాలుగు స్క్రూలు బల్ల మీద గణగణమన్నాయి.

"మబేలాలో మీరుండే విల్లాలో వంట ఎవరు చేస్తారు తౌసీఫ్ భాయ్?"

"అమ్మణ్ణి గారు... కైకు ఆపా?"

"ఇంట్లో చింతపండు అయిపోయిందా అని."

తౌసీఫ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "కసమ్ సే ఆపా, చోరీ నక్కో అనుకోండి! రేపు అంత పెద్ద వాళ్ళొస్తున్నారు, చూస్తే అది పాత పెనం లెక్క ఉంది. మా పని గురించి ఏమనుకుంటారు? సోమవారం లంగరు రుద్దిన, చెయ్యి నొప్పులు తప్ప ఏం గాలే. అమ్మణ్ణి గారేమో పూజ సామాను రోజూ మెరిపిస్తరు. ఒక్క రాత్రికి ఇంటికి తీస్కపోయి తెచ్చి పెడదామనుకున్న. పడవలో పోతే లాగ్‌బుక్కుల పడ్తది, ముట్టొద్దని ఆర్డర్ ఉన్నది గదా. అందుకే ఆటు చూసి నడిచి పోయిన. తీరా పొద్దున చూస్తే బంగారం లెక్క ధగధగ! పక్కన లంగరేమో నల్లగ. భయమైంది. పెట్టలే."

"ఒక మనిషి జైలుకు పోతున్నాడని తెలిసి కూడా నోరు మూసుకున్నావే! ఆ రిజిస్టర్ రాత నీదే కదా?"

"రోజూ రాసేదే రాసిన ఆపా. అమాసకు ఉలి పట్టరని నాకేం మాలూమ్?" తౌసీఫ్ లేచి, మూలన నిలబడ్డ రామసుబ్బయ్య చేతులు పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి అన్నా. పొద్దుటి నుంచి నీళ్ళు కూడా గొంతు దిగలే నాకు."

రామసుబ్బయ్య చేతులు వదిలించుకోలేదు. "పోనీలే సార్. మీ కండ్లకు మకిలిగా కనపడింది, తోమించినారు," అని మాత్రం అన్నాడు. తర్వాత మెల్లగా, "అయితే నేను సోమవారం బహ్లా పోవచ్చునామ్మా?" అని అడిగాడు. జాహిదా తల ఊపింది. ఆయన భుజం మీది తువ్వాలుతో ముఖమంతా తుడుచుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. అది చూసి జాహిదా కడుపు నిండిపోయింది.

తౌసీఫ్ కారు డిక్కీలోంచి తువ్వాలులో చుట్టిన ఫలకం వచ్చింది. నిమ్మపండులా మెరుస్తోంది. అందరూ దాన్నే చూస్తున్నారు. సురేందర్ మాత్రం దాని వంక చూడలేదు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఓడిపోతే అంతే మరి, అనుకుంది జాహిదా. నిజం చెప్పాలంటే కాస్త సంతోషించింది కూడా. ఆయన టైపు చేసిన రిపోర్టును సగానికి మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

"ఇది టీ కప్పుల కింద పెట్టుకోను పనికొస్తది."

సురేందర్ దగ్గి, తేరుకున్నాడు. "గెలిచిండ్రు మేడమ్. ఒప్పుకుంటున్న. ఇగ రేపటి పని జూసుకోవాలె గదా? రామసుబ్బయ్యా, నీ సామాన్ తీస్కో. ఇద్దరం పోయి ఇప్పుడే బిగించొద్దాం పా."

ఇంత మర్యాద ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు జాహిదా. మంచిదే కదా అనుకుంది. రామసుబ్బయ్య ఫలకాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుని ఆయన వెంట నడిచాడు. అప్పటికి ఒకటీ నలభై అయింది.

రేవు పక్కన మలయాళీ టీ కొట్టులో జాహిదా రెండు సమోసాలు, ఒక కరక్ చాయ్ చెప్పింది. తౌసీఫ్‌కు కూడా తెప్పించింది, పాపం పొద్దుటి నుంచి పస్తున్నాడు. రిపోర్టులో చివరి పేరా ఎలా రాయాలా అని ఆలోచిస్తూ సమోసా కొరికింది. ప్రాణం హాయిగా ఉంది.

తౌసీఫ్ ఫోన్ టింగుమంది. "అమ్మణ్ణి గారి వాయిస్ మెసేజ్ ఆపా. పొద్దుటి నుంచి మూడోది. తిడ్తున్నట్టుంది," అని స్పీకర్లో పెట్టాడు. గోదావరి గొంతు కొట్టంతా వినపడింది.

"బాబుగారండీ, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? ఆ పలక నేను తోమనే లేదండి, దానంతటదే వదిలేసిందండి! వేడినీళ్ళు పోసి చింతపండు పెట్టానో లేదో, నలుపంతా బూటు పాలిష్‌లా కారిపోయి నా సింకు నాశనమైపోయిందండి. చిలుమైతే అలా కారదండి. మా అత్తగారి కంచు చెంబులు తోమీ తోమీ నా చేతులరిగిపోయాయండి, నాకు తెలీదేంటండీ? కంచు ఎర్రగా తేల్తాదండి. ఇలా పచ్చగా మెరవదండి. ఇది మొన్న మొన్న కొన్న ఇత్తడండి. ఎవరో మిమ్మల్ని మోసం చేశారండి బాబూ."

జాహిదా నోట్లో సమోసా అక్కడే ఆగిపోయింది. లంగరు మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఎర్రగా ఉంది. అదీ ఇదీ ఒకే ఫిరంగి కరిగించి పోసినవి. ఫలకం నిమ్మపండులా పచ్చగా ఉంది! ఆ రంధ్రంలో గ్రీజు మెత్తగా ఉంది.

"తౌసీఫ్, ఆ స్క్రూలు తిప్పేటప్పుడు కష్టమైందా నీకు?"

"లే ఆపా. వెన్నలెక్క వచ్చినై."

"నూట యాభై ఏండ్ల స్క్రూలు వెన్నలా వస్తాయా? అంతకు ముందు ఎవరు విప్పినారు దాన్ని?"

"రెండు నెలల కింద ఫోటోలు తీయించాలని తీస్కపోయిండ్రట. నేను చేరక ముందు. వారం తర్వాత తెచ్చి ఆయనే స్వయంగా బిగించిండట. ముట్టొద్దని ఆర్డర్ కూడా ఆయనదే."

"ఎవరు?"

"సురేందర్ సార్."

జాహిదా చాయ్ పక్కకు నెట్టింది. అసలు కంచు ఫలకం రెండు నెలల కిందటే ఎటో వెళ్ళిపోయింది. నల్లరంగు పూసిన దొంగ ఫలకం మాయమైతే ఆయనకు మేలే. అది సముద్రంలో ఉందని, ఒక రాతిపనివాడు పారేశాడని కాగితం మీద పడితే ఇంకెవ్వరూ అసలుదాన్ని వెతకరు. అందుకే పొద్దున ఎనిమిదిన్నరకే రిపోర్టు. అందుకే దొరకదు, దొరకదు అని అంత పట్టుదల. తాను పోయి పోయి దాన్ని వెతికి తెచ్చి మరీ ఆయన చేతుల్లో పెట్టింది. పద్దెనిమిదేళ్ళ మొనగత్తె! సిగ్గుతో చెంపలు మండిపోయాయి.

గడియారం చూసింది. రెండూ పది. సురేందర్ నంబరుకు ఫోన్ కొట్టింది. కలవలేదు. ఆ కొండల మధ్య ఎవరి ఫోనూ పనిచేయదని పొద్దున తానే చూసింది. పడవ నడిపేవాడొకడు వాళ్ళతో ఉన్నాడు కదా అని గుండె చిక్కబట్టుకుంటూ ఉండగా, కొట్టు గుమ్మంలోకి బాబు మియా వచ్చి నిలబడ్డాడు.

"నాకూ ఒక చాయ్ చెప్పు బేటీ."

"చాచా! నువ్వు ఇక్కడున్నావేంది? పడవ యాడ?"

"సార్ తీసుకపోయినాడు. నాకు లైసెన్సుంది, నువ్వు రెస్ట్ తీసుకో అన్నాడు. మంచి మూడ్‌లో ఉన్న్యాడులే." బాబు మియా నవ్వాడు. "ఆ రామసుబ్బయ్యేమో పడవ ఎక్కతానే మొదలుపెట్టినాడు. ఫలకం మీద అక్షరాలను గోటితో గీకతా, సార్, ఇది ఉలి పని కాదు సార్, మిషన్ పని, అంచు చూడండి అని ఒకటే పోరు. సారేమో, సరే అక్కడికి పోయినంక చూద్దాం, ఎవురికీ చెప్పలేదు కదా అని అడిగినాడు. లేదు సార్, మీకే మొదట చెప్పినా అన్నాడు ఆయన."

జాహిదా లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"పోయి ఎంతసేపయింది చాచా? ఇంకో పడవ ఎవురిదైనా ఉందా? లేయ్! తౌసీఫ్, పోలీసులకు ఫోన్ కొట్టు, కోస్టు గార్డుకు కొట్టు!"

బాబు మియాకు ఏమీ అర్థం కాలేదు. ఆమె ముఖం చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూసింది జాహిదా, ఆయన చంకలో నారింజ రంగు లైఫ్ జాకెట్.

"అదేంది నీ చేతిలో?"

"పడవలో రెండుంటాయి బేటీ. సార్ ఒకటి తొడుక్కున్యాడు." బాబు మియా చంకలోని జాకెట్ వంక చూసుకున్నాడు. "ఇంకొకటి అక్కరలేదని నాకిచ్చి పోయినాడు."